మోటుపల్లి సుంకము నుండి తుష్నాబాద్ కారు వరకు

దక్షిణ అండమానులోని ఫెరార్‌గంజ్ తహశీలునకు చెందిన తుష్నాబాద్ ఒక చిన్న గ్రామము. అచటి గృహస్థుడొకడు మద్రాసుననో విశాఖపట్టణముననో కారు కొని, ఓడపై తెప్పించుకొనెననుకొందము. ఆ రేవులు రెండును అండమానునకు రమారమి 1,200 కిలోమీటర్ల దూరమున నున్నవి. కారు సముద్రము దాటి వచ్చి, తుష్నాబాద్ బాటపై తిరుగును. దాని ధరతో కూడ అతడు చెల్లించిన పన్ను మాత్రము ఎచట నిలిచెను? అమ్మిన రేవులోనా, బండి తిరుగు దీవిలోనా? చూచుటకిది చిన్న ప్రశ్న. కాని దీనికి సమాధానము చెప్పుటకు భారతదేశమునకు ఎనుబది యేండ్లు పట్టినది. రాజ్యాంగమును సవరింపవలసి వచ్చినది. సుప్రీంకోర్టు తన తీర్పును తానే త్రోసిపుచ్చుకొనవలసి వచ్చినది.

తెలుగువారికి సుంకపు ముచ్చట క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డున పడిన ఓడలలోని సరకునంతయు హరించుచుండిరట. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనబోనని వర్తకులకు అభయమిచ్చెను. చందనము, కర్పూరము, దంతము మున్నగు సరకులకు సుంకమింతయని శిలపై చెక్కించెను. పన్ను ఉండవచ్చును, కాని అది ఎంతయో, ఎవరికో ముందుగా తెలిసియుండవలెను. ఆ శాసనములోని ధర్మమిదియే. తరువాతి కథ యంతయు ఈ ధర్మము తప్పుటయు, దానిని తిరిగి వెదకికొనుటయునే.

1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టము వస్తు విక్రయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రముల కిచ్చినది. చక్రవర్తి రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్యనిషేధమును ఆరంభించి, అందువలన తగ్గిన ఆదాయమును పూరించుటకు 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టమును తెచ్చెను. సర్వ సామాన్య వస్తువులపై అమ్మకపు పన్ను దేశములో మొట్టమొదట వెలసినది మద్రాసు రాష్ట్రమునందే. కోస్తా జిల్లాలును, రాయలసీమయు నాడు అందులోనివే కావున ఈ పన్ను రుచి తొలుత చూచినవారిలో తెలుగు వర్తకులును ఉండిరి. పిమ్మట ఇతర రాష్ట్రములును ఆ బాటనే నడచినవి. సరకు తయారైనది మా యొద్దనని ఒకరు, ఒడంబడిక జరిగినది మా యొద్దనని వేరొకరు, సరకు దిగినది మా యొద్దనని ఇంకొకరు పన్ను కోరసాగిరి. ఒక్క వస్తువునకు ముగ్గురు పాలివాండ్రైరి.

ఈ చిక్కు విప్పుటకు 1950 నాటి రాజ్యాంగములో 286వ అధికరణము చేర్చబడినది. వినియోగము నిమిత్తము సరకు ఏ రాష్ట్రమున అప్పగింపబడునో ఆ రాష్ట్రముననే అమ్మకము జరిగినట్లు భావింపవలెనని దాని వివరణము. 1953లో ఈ వివరణముపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు హేతువైనది ఒక మోటారు కార్ల వ్యాపార సంస్థయే. బొంబాయిలోని యునైటెడ్ మోటార్స్ వారు ఆ రాష్ట్రపు 1952 నాటి అమ్మకపు పన్ను చట్టమును ప్రశ్నించిరి. సరకు అందుకొన్న రాష్ట్రము పన్ను వేయవచ్చునని ధర్మాసనము తీర్మానించినది. తోడనే, ఎన్ని రాష్ట్రములకు సరకు పంపినచో అన్ని రాష్ట్రముల అధికారులకు లెక్కలు చూపవలసిన దుర్గతి వర్తకునకు పట్టినది. కలకత్తాలో టీకా మందులు తయారు చేయు బెంగాల్ ఇమ్యూనిటీ కంపెనీ బీహారు ప్రభుత్వముతో వ్యాజ్యమాడగా, 1955 సెప్టెంబరు 6న నలుగురు న్యాయమూర్తులు ఒక ప్రక్క, ముగ్గురు మరొక ప్రక్క నిలిచి, రెండేండ్ల క్రిందటి తీర్పును త్రోసిపుచ్చిరి. పార్లమెంటు చట్టము చేయువరకు అంతర్రాష్ట్రీయ విక్రయముపై ఏ రాష్ట్రమును పన్ను వేయరాదని తేలినది.

అంతవరకు వసూలైన ధనమును తిరిగి చెల్లింపవలసిన భయము రాష్ట్రములకు కలిగినది. 1953 అక్టోబరు 1న పుట్టి, చాలని ఆదాయముతో కాపురము పెట్టిన ఆంధ్ర రాష్ట్రమునకు ఇది ప్రాణసంకటము. 1951 ఏప్రిల్ 1 మొదలు 1955 సెప్టెంబరు 6 వరకు వేసిన పన్నులు చెల్లునని పార్లమెంటు 1956లో ధ్రువీకరణ చట్టము చేసెను. ఆంధ్ర వర్తకులకు నూలు అమ్మిన మద్రాసు వర్తకులు దీనిని ఎదిరించిరి. సుందరరామయ్యర్ కంపెనీ వ్యాజ్యముగా పేరు పొందిన ఆ తగవులో 1958లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ పక్షముననే తీర్పు చెప్పెను. నిన్నటి వరకు ఒకే ఇంటివారైన మద్రాసు, ఆంధ్రములు నూలు కండెలపై పన్ను కొరకు ఢిల్లీ న్యాయస్థానమున ఎదురెదురుగా నిలిచిన ఈ ఘట్టము రాష్ట్ర విభజన చరిత్రలో ఎక్కువమంది చదువని పుట.

1956లో ఆరవ రాజ్యాంగ సవరణయు, కేంద్ర అమ్మకపు పన్ను చట్టమును వచ్చినవి. 1957 జులై 1 నుండి పన్ను అమలైనది. పేరునకు అది కేంద్రపు పన్ను. వసూలు చేసి అనుభవించునది మాత్రము సరకు బయలుదేరిన రాష్ట్రము. రిజిస్టరు చేయించుకొన్న వర్తకుడు సి-ఫారము చూపినచో మొదట నూటికి 1, 1975 నాటికి 4, మరల తగ్గి 2008లో 2 చొప్పున చెల్లించెడివాడు. సామాన్య గృహస్థునకు ఆ ఫారము లేదు. అతనికి చిరకాలము నూటికి 10 గాని, స్థానికపు రేటు గాని, రెంటిలో ఏది హెచ్చో అది పడెడిది. ఇక స్వయముగా పొరుగు రాష్ట్రమునకు పోయి, కొట్టులోనే కారు తాళములు అందుకొన్నచో అది అంతర్రాష్ట్రీయ విక్రయమే కాదు. అచటి స్థానిక విక్రయము.

కారు ఏ రాష్ట్రమునుండి అమ్ముడైనదనునది కూడ తేలిక ప్రశ్న కాదు. జంషెడ్‌పూర్‌లో తయారైన టెల్కో వాహనములు ఇతర రాష్ట్రములందలి నిల్వ ప్రాంగణములకు చేరి, పిదప డీలర్లకు కేటాయింపబడినచో, ఆ చేరిక విక్రయము కాదని 1970లో సుప్రీంకోర్టు చెప్పెను. హైదరాబాదులోని సాహ్నీ స్టీల్ వ్యాజ్యమున 1985లో, కొనువాని ఆర్డరు ప్రకారము తయారుచేసి పంపిన సరకు తన శాఖ ద్వారా చేరినను అది అంతర్రాష్ట్రీయ విక్రయమేనని తీర్పు వచ్చినది. ఏ ఆర్డరునకు ఏ సరకు కదలెను అనునదే గీటురాయి.

పన్ను రేట్లు రాష్ట్రమునకొక రీతిగా నుండుటచే కొనువారు గట్టు దాటసాగిరి. గోదావరి తీరమున తెలుగు నేల మధ్య నున్నను పుదుచ్చేరికి చెందిన యానాము ఇందులకు మన కన్నుల యెదుటి నిదర్శనము. ఈ తరలింపును అరికట్టుటకు తమిళనాడు 1990లోను, ఆంధ్రప్రదేశ్ 1996లోను మోటారు వాహనముల ప్రవేశపు పన్ను చట్టములు చేసినవి. బయట కొన్న బండి లోనికి వచ్చునపుడు తేడా సొమ్ము చెల్లింపవలెను. నగర ద్వారముననుండిన పాత సుంకపు చావడియే క్రొత్త వేషము దాల్చి వచ్చినట్లైనది.

ఈ తగవులన్నిటి నడుమ అండమాను దీవులు వింతగా నిలిచినవి. 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతమైన ఆ దీవులలో 2017 వరకు సాధారణ అమ్మకపు పన్ను చట్టమే లేదు. అంతమాత్రమున తుష్నాబాద్ గృహస్థుడు పన్ను తప్పించుకొన్నాడా? లేదు. మద్రాసున కొన్న కారునకు తమిళనాటి పన్ను, విశాఖలో కొన్నదానికి ఆంధ్రదేశపు పన్ను ధరలోనే కలిసి వచ్చెడిది. తానెన్నడు నడువని బాటలకు, తన పిల్లలెన్నడు చదువని బడులకు ఆ సొమ్ము చేరెడిది. పన్ను లేని దీవియను మాట సగము నిజము. దీవికి పన్ను రాలేదే గాని, దీవివాసి పన్ను కట్టక మానలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు కావున ఇది మనవారి కథయు నగును.

2017 జులై 1న వస్తు సేవల పన్ను వచ్చి, ఈ న్యాయమును తలక్రిందులు చేసెను. ప్రవేశపు పన్నునకు ఆధారమైన రాష్ట్ర జాబితాలోని 52వ పద్దు రద్దైనది. పన్ను బయలుదేరిన చోటునకు గాక, చేరిన చోటునకు పోవలెననుట క్రొత్త సూత్రము. అయినను కొట్టులోనే సరకు అందుకొన్నవాని విషయమున పాత లోపము కొంత మిగిలియుండెను. 2023 అక్టోబరు 1 నుండి అమలైన సవరణ దానిని సరిచేసెను. రిజిస్టరు కాని కొనుగోలుదారుని చిరునామా ఇన్వాయిసులో వ్రాసినచో, ఆ చిరునామాయే సరఫరా స్థలము. ఏ చోట కొన్నను రేటు ఒక్కటే గనుక గృహస్థునకు ధరలో భేదము లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై అది నూటికి 18. భేదమెల్ల ఆ సొమ్ము ఎవరి ఖాతాకు చేరుననుటలోనే. శాసనసభ లేని అండమాను పాలు కేంద్ర నిధికి చేరునన్న మాట నిజమే. కాని ఆ దీవుల వ్యయభారము వహించునదియు ఆ నిధియే.

అమ్మకపు పన్ను తగవు తీరినను వాహనపు పన్ను రాష్ట్రముల చేతనే యున్నది. బండి సాధారణముగా ఉండు చోటనే రిజిస్టరు కావలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. వేరొక రాష్ట్రమున పండ్రెండు నెలలు మించి ఉంచినచో క్రొత్త గుర్తు పొందవలెను. బదిలీలపై తిరుగు కేంద్రోద్యోగికి ప్రతి బదిలీయు ఒక నిరభ్యంతర పత్రము, ఒక క్రొత్త పన్ను, పాత పన్ను తిరిగి పొందుటకు ఒక దీర్ఘ నిరీక్షణము. ఈ బాధ తీర్చుటకే 2021 సెప్టెంబరు 15 నుండి భారత్ శ్రేణి రిజిస్ట్రేషను ఏర్పడినది. కేంద్ర నియమముల మేరకు రెండేండ్లకొకసారి, బండి విలువ పది లక్షల లోపైనచో నూటికి 8, ఇరువది లక్షల వరకు 10, ఆ పైన 12 చొప్పున లెక్కించు పన్ను చెల్లించిన చాలును.

ఏడువందల యేండ్లకు పూర్వము మోటుపల్లి రేవున దిగిన నావికుడు సుంకమెంతయో శిలపై చదువుకొనగలిగెను. నేడు తుష్నాబాద్ గృహస్థునకు ఆ శిల ఇన్వాయిసు కాగితమే. అందు తన ఊరి పేరు సరిగా వ్రాయబడినదా యని చూచుకొనుట అతని హక్కు. ఆ ఒక్క పంక్తి కొరకు మూడు తరముల వారు న్యాయస్థానముల మెట్లెక్కిరి.