చోడవరం ప్రాంతంలో శిశు సంక్షేమ, సామాజిక సేవా రంగ కొలువులు – అర్హతలు, నియామకాలు, బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

చోడవరం: చెరకు తోటలకు, బెల్లం వంటకు, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి, స్వయంభూ విఘ్నేశ్వరాలయానికి పేరొందిన చోడవరం 2022 ఏప్రిల్ 4వ తేదీన ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నుండి విడివడి నూతన అనకాపల్లి జిల్లాలో చేరినది. అందువలన శిశు సంక్షేమానికి సంబంధించిన పాత ప్రకటనలలో ‘విశాఖపట్నం ప్రాజెక్టు డైరెక్టర్’ అని ఉన్నచోట ఇప్పుడు అనకాపల్లిలోని జిల్లా స్త్రీ, శిశు సంక్షేమ, సాధికారత అధికారి అని గ్రహించవలసి ఉన్నది. దరఖాస్తుదారులు ఇప్పటికీ విశాఖపట్నం బస్సు ఎక్కి ఒక రోజు కూలి పోగొట్టుకొనుట కద్దు. పాత్రికేయ మిత్రులు వార్తలలో జిల్లా పేరును సరిచూచి వ్రాసినచో వారికి ఎంతో మేలు జరుగుతుంది.

ఈ రంగంలో ఉద్యోగమనగానే గ్రామాలలో అందరికీ గుర్తుకు వచ్చేది అంగన్‌వాడీయే. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబర్ 2వ తేదీన దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ-ఆరోగ్య విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆసుపత్రికి సిఫారసు అను ఆరు సేవలు దీని ద్వారా అందుతాయి. మైదాన ప్రాంతంలో 400 నుండి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది ప్రమాణం.

అంగన్‌వాడీ కార్యకర్త ఎంపికకు వ్రాతపరీక్ష లేదు. అభ్యర్థిని ఆ గ్రామంలోనే నివసించు వివాహిత అయి ఉండవలెను. పదవ తరగతి ఉత్తీర్ణత, 21 నుండి 35 సంవత్సరాల వయస్సు అవసరం. రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల సంఘం ఎంపిక జరుపుతుంది. గత కొన్నేళ్ల ప్రకటనల ప్రకారం మొత్తం 100 మార్కులలో పదవ తరగతికి 50, మౌఖిక పరీక్షకు 20 కేటాయించబడినవి. మిగిలిన 30 మార్కులు పూర్వ ప్రాథమిక శిక్షణ పొందినవారికి, వితంతువులకు, మైనరు బిడ్డలున్న వితంతువులకు, అనాథలకు, దివ్యాంగులకు పంచబడినవి. దళారుల మాటలకు బలం వచ్చేది ఆ 20 మార్కుల దగ్గరే. దరఖాస్తుకు గాని, ఎంపికకు గాని ఎవరికీ సొమ్ము చెల్లించవలసిన అవసరం లేదన్న ఒక్క వాక్యాన్ని ప్రతి ప్రకటన చివర చేర్చుట మంచిది. ఆయా పోస్టుకు ఏడవ తరగతి చాలునని ప్రకటనలలో పేర్కొనబడుతున్నది.

ఇచట ఒక విషయం నిక్కచ్చిగా చెప్పవలసి ఉన్నది. అంగన్‌వాడీ కార్యకర్తకు లభించేది జీతం కాదు, గౌరవ వేతనం. కార్యకర్తలు సివిల్ పోస్టులో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వ కేసులో తీర్పు చెప్పినది. అదే న్యాయస్థానం 2022 ఏప్రిల్ 25వ తేదీన, గుజరాత్‌కు చెందిన కేసులో, గ్రాట్యుటీ చట్టం కార్యకర్తలకు, ఆయాలకు వర్తిస్తుందని ప్రకటించినది. రాష్ట్రంలో 2019 జూలై నుండి గౌరవ వేతనం కార్యకర్తకు నెలకు రూ.11,500, ఆయాకు రూ.7,000కు పెరిగినది. ఈ మొత్తం చాలదని, గ్రాట్యుటీ కావాలని కోరుతూ 2023 డిసెంబర్ 12 నుండి 2024 జనవరి వరకు నలభై రోజులకు పైగా సమ్మె జరిగినది. సమ్మె కాలంలో అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) సైతం ప్రయోగించబడినది. చర్చల అనంతరం పదవీ విరమణ వయస్సు 62కు పెంచుటకు అంగీకారం కుదిరినది. కొలువులో చేరగోరు యువతులకు ఈ చరిత్ర ముందుగా తెలియుట న్యాయం. ‘ప్రభుత్వ ఉద్యోగం’ అని శీర్షిక పెట్టి వ్రాసిన వార్తను చదివి వచ్చినవారు తరువాత నిరాశ చెందుతున్నారు.

అయితే పై మెట్టుకు దారి లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వపు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం ఐదేళ్ల అనుభవం గల ఆయాలకు కార్యకర్త పోస్టులలో సగం, ఐదేళ్ల అనుభవం గల కార్యకర్తలకు సూపర్‌వైజర్ పోస్టులలో సగం, తగిన అర్హతలున్నచో లభించవలెను. కావున పదవ తరగతితో చేరిన కార్యకర్త దూరవిద్య ద్వారా డిగ్రీ పూర్తి చేసికొనుట వృథా కాదు. సూపర్‌వైజర్ సుమారు 20 నుండి 25 కేంద్రాలను పర్యవేక్షిస్తారు. ఆ పైన ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) పదవి ఉన్నది. దీనికి నేరుగా జరుగు నియామకాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ఉంటాయి.

అంగన్‌వాడీకి వెలుపల ఉన్న కొలువులు ప్రజలకు అంతగా తెలియవు. వాటిని పట్టిక రూపంలో చెప్పుటకన్న ఒక బాలుని వెంట నడచి చూచుట సులభం. చెరకు నరికే కాలంలో పనికి వచ్చిన కుటుంబం నుండి తప్పిపోయిన ఎనిమిదేళ్ల బాలుడు రాత్రివేళ చోడవరం బస్సు స్టేషనులో ఒంటరిగా కనిపించినాడనుకొందాం. చూచినవారు 1098కి ఫోను చేస్తారు. 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా ఆరంభమైన ఈ చైల్డ్‌లైన్ సేవ 2023 నుండి స్వచ్ఛంద సంస్థల చేతి నుండి ప్రభుత్వ యంత్రాంగానికి మారి, 112 అత్యవసర సేవతో అనుసంధానం చేయబడినది. ఫోను అందుకొనువారు, కదలివచ్చు కార్యకర్తలు ఇప్పుడు జిల్లా యంత్రాంగం క్రింద పనిచేస్తున్నారు. పోలీసు స్టేషనులో ఏఎస్సై హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండవలెను. బాలల న్యాయ చట్టం–2015 ప్రకారం ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా బాలుని బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను.

ఈ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యులలో కనీసం ఒకరు మహిళ అయి ఉండవలెను. పదవీకాలం మూడేళ్లు. సామాజిక సేవ, న్యాయశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, సమాజశాస్త్రం వంటి విషయాలలో పట్టా కలిగి, బాలల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాలలో ఏడేళ్ల సేవ చేసినవారు లేదా వృత్తిలో ఉన్నవారు అర్హులు. సమితికి ప్రథమ శ్రేణి జుడిషియల్ మేజిస్ట్రేటు అధికారాలు ఉన్నవి. విశ్రాంత ఉపాధ్యాయులు ఈ పదవులకు దరఖాస్తు చేయుటకు ఎందుకు సంకోచిస్తారో తెలియదు. అనుభవం వృథా పోవుచున్నది.

సమితి బాలుని తాత్కాలికంగా గృహానికి పంపి, ఇంటి పరిస్థితులపై సామాజిక విచారణ నివేదిక కోరుతుంది. ఆ నివేదిక వ్రాయువారు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని సోషల్ వర్కర్. తల్లిదండ్రులను వెదకుచు మేస్త్రీని, బెల్లం గానుగను, ఊరి సర్పంచ్‌ను అడిగి తిరుగువారు అవుట్‌రీచ్ వర్కర్. బాలుడు మాట్లాడక ముడుచుకొని కూర్చున్నచో కౌన్సెలర్ సహాయం, నేరం ఏదైనా జరిగి ఉన్నచో లీగల్ కమ్ ప్రొబేషన్ అధికారి సలహా కావలెను. పేదరికమే కారణమని తేలినచో బిడ్డను గృహంలో ఉంచక ఇంటికే పంపి, కలెక్టరు అధ్యక్షతన గల సంఘం ఆమోదంతో నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ సహాయం ఇచ్చు వీలున్నది. ఆ సహాయం అందుట, అందకపోవుట ఆ నివేదికలోని నాలుగు పేజీలపై ఆధారపడి ఉంటుంది.

ఈ విభాగం 2009–10లో వచ్చిన సమగ్ర బాలల పరిరక్షణ పథకం క్రింద ఏర్పడి, ఇప్పుడు మిషన్ వాత్సల్య క్రింద కొనసాగుచున్నది. నియామకాలు ఒప్పంద పద్ధతిలో జిల్లా ఎంపిక సంఘం ద్వారా జరుగుతాయి. 2022 మార్గదర్శకాలలో సోషల్ వర్కర్, కౌన్సెలర్‌లకు నెలకు రూ.18,536, అవుట్‌రీచ్ వర్కర్‌కు రూ.10,592 పేర్కొనబడినది. రోజంతా ఊరూరా తిరుగు ఉద్యోగికి అంగన్‌వాడీ కార్యకర్త కన్న తక్కువ మొత్తం లభించుట గమనార్హం. ఈ కారణం చేతనే ఎం.ఎస్.డబ్ల్యు. పట్టభద్రులు ఏడాది అనుభవం రాగానే వేరు ఉద్యోగాలకు తరలిపోవుట, బాలుని కేసు మధ్యలో చేతులు మారుట జరుగుతున్నది. సామాజిక సేవలో స్నాతకోత్తర విద్యకు ఈ ప్రాంతం వారికి దగ్గరలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది.

బాల్య వివాహాల విషయంలో సీడీపీఓలు, సూపర్‌వైజర్లు ఇతర అధికారులతోపాటు 2006 చట్టం క్రింద నిషేధ అధికారులుగా వ్యవహరిస్తారు. పెళ్లి ఆపిన మరుసటి రోజు అదే ఊరిలో కేంద్రం తెరువవలసినది అంగన్‌వాడీ కార్యకర్తయే కనుక, సమాచారం ఇచ్చిన వారి పేరు బయటపెట్టరాదని అధికారులకు మనవి. దత్తత విషయంలో 2022 సెప్టెంబర్ 1 నుండి ఉత్తర్వులు ఇచ్చు అధికారం కోర్టుల నుండి జిల్లా కలెక్టర్లకు మారినది. ఆసుపత్రులలో, ఇండ్లలో పత్రాలు వ్రాసికొని బిడ్డను ఇచ్చిపుచ్చుకొనుట దత్తత కాదు.

పాత్రికేయులకు: సంరక్షణ అవసరమైన బాలుడు గాని, చట్టంతో విభేదించిన బాలుడు గాని, బాధితుడు గాని, సాక్షి గాని అయినచో పేరు, చిరునామా, పాఠశాల, ఛాయాచిత్రం, గుర్తింపునకు దారితీయు ఏ వివరమూ ప్రచురించరాదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. తండ్రి పేరు, గ్రామం, ‘నాల్గవ తరగతి విద్యార్థి’ అని మూడు ముక్కలు వ్రాసి ముఖం మాత్రం మసకబార్చిన చిత్రం వేయుట వలన నిబంధన పాటించినట్లు కాదు. చోడవరం వంటి చోట ఆ మూడు ముక్కలు చాలును.

ఖాళీల ప్రకటనలు వెలువడినపుడు అంగన్‌వాడీ పోస్టుల దరఖాస్తులను సంబంధిత శిశు అభివృద్ధి ప్రాజెక్టు కార్యాలయంలోను, పరిరక్షణ విభాగపు పోస్టుల దరఖాస్తులను అనకాపల్లిలోని జిల్లా కార్యాలయంలోను సమర్పించవలెను. పదవ తరగతి మార్కుల పత్రం, నివాస, కుల ధ్రువపత్రాలు, వర్తించినచో వితంతు లేదా దివ్యాంగ ధ్రువపత్రం జతపరచవలెను. నివాస ధ్రువపత్రం అత్తవారి ఊరి నుండి పొందవలెనన్న సంగతి కొత్తగా పెళ్లయిన అభ్యర్థినులకు ముందే తెలియజేయవలసినదిగా గ్రామ సచివాలయ సిబ్బందికి సూచన.