రంగస్థలంపై నీలిపిట్ట

పిల్లల నాటకమంటే పెద్దల నాటకాన్ని కుదించి, రంగులద్ది, నడుమ నాలుగు వింతలు చేర్చినదే అనే భావం చాలాకాలం చెల్లుబాటయింది. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా నాటకశాలలు క్రిస్మస్ దినాలకు సిద్ధపరచిన అద్భుత ప్రదర్శనలు ఎక్కువగా ఈ తీరువే. తెరలు మారేవి, దేవకన్యలు ఎగిరేవారు, జిలుగు వస్త్రాలు మెరిసేవి. కథ వీటిని తగిలించే కొయ్య మాత్రమే. ఆ బాటను విడిచి, బాలుర అద్భుత నాటకాన్ని ఉత్తమ కళాస్థాయికి తెచ్చిన కృతులలో మారిస్ మేటర్లింక్ రచించిన ‘నీలిపిట్ట’ ముఖ్యమైనది.

మేటర్లింక్ బెల్జియం దేశీయుడు. ఫ్రెంచి భాషలో వ్రాశాడు. క్రిస్మస్ ముందటి రాత్రి ఒక కట్టెలు కొట్టేవాని గుడిసెలో కథ ఆరంభమవుతుంది. ఆ యేడు ఆ ఇంటి పిల్లలు తిల్‌తిల్, మితిల్‌లకు బహుమానాలు లేవు. ఎదుటి శ్రీమంతుల ఇంటి పండుగను కిటికీలోనుండి చూచి, అసూయ ఎరుగక, వారిద్దరూ ఆనందిస్తారు. అంతలో ఒక మాయావి ముసలమ్మ వచ్చి, జబ్బుపడిన తన బిడ్డకు నీలిపిట్టను తెమ్మంటుంది. ఆమె ఇచ్చిన టోపీలోని వజ్రాన్ని త్రిప్పగానే రొట్టె, చక్కెర, నీరు, నిప్పు మొదలగువాని ఆత్మలు బయటికి వస్తాయి. స్మృతిలోకంలో, బ్రతికియున్నవారు తలచుకొన్నప్పుడల్లా, గతించిన తాతా అవ్వా నిద్రలేస్తారు.

ఈ నాటకం మొదట పారిస్‌లో గాక మాస్కోలో, పాత పంచాంగం ప్రకారం 1908 సెప్టెంబరు 30న, మాస్కో ఆర్టు థియేటరులో ప్రదర్శితమైంది. ఫ్రెంచి ప్రతి అచ్చయింది 1909లో. ప్రయోక్త స్తానిస్లావ్‌స్కీ, ఆయనకు సులెర్‌జిత్‌స్కీ, మోస్క్విన్ తోడ్పడ్డారు. రంగాలంకరణ యెగోరవ్‌ది, సంగీతం ఇల్యా సాట్స్‌ది. పిల్లల పాత్రలను హల్యూతినా, కోనెన్ అనే నటీమణులు ధరించారు.

వస్తువులు చూస్తూండగానే ప్రాణం పోసుకోవడం, మాయమవడం ఎట్లా? దీనికి దొరికిన ఉపాయాన్ని స్తానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో వివరించాడు. ప్రయోగాల నడుమ ఒక నల్ల ముఖమల్ గుడ్డ కనిపించకుండా పోయింది. తీరా చూస్తే, అది నల్ల ముఖమల్ తెర ముందున్న కుర్చీ వీపుపైనే ఉన్నది! నలుపులో నలుపు కలిసి, కుర్చీ కాస్తా పీటవలె కనబడింది. నల్ల ముఖమల్ వెలుతురును మింగివేస్తుంది, నీడను పడనీయదు. కాబట్టి దానితో కప్పిన వస్తువు ప్రేక్షకునికి లేనట్లే. కప్పు తీయగానే శూన్యంలోనుండి పుట్టినట్లే. ఈ ఉపాయం 1907లోనే అంద్రేయెవ్ నాటకం ‘మానవ జీవితం’లో వినియోగపడింది.

అయితే స్తానిస్లావ్‌స్కీకి భయమంతా ఈ ఉపాయాల గురించే. అవి పెచ్చుపెరిగితే కవిత్వం అణగిపోయి, పాత బాణీ తమాషాయే మిగులుతుంది. ఈ ప్రదర్శన మనుమలను మురిపించాలి, అవ్వాతాతలలో గంభీరమైన ఆలోచనలను మేల్కొలపాలి అని ఆయన నటవర్గానికి బోధించాడు. ఆ దీక్ష ఫలించింది. మాస్కోలో ఆ నాటకం అర్ధశతాబ్దికి పైగా ఆడింది. 1911లో పారిస్‌లో ఆడించినపుడు, మాస్కో ప్రయోగాన్ని నేర్పడానికి సులెర్‌జిత్‌స్కీయే వెళ్ళాడు. మేటర్లింక్‌కు నోబెల్ బహుమానం లభించినదీ ఆ యేడే.

1885 నుండి వస్తున్న సురభి నాటక సంప్రదాయాన్ని, వారి ‘మాయాబజారు’ను ఎరిగిన తెలుగువారికి రంగస్థలంపై మాయ క్రొత్త కాదు. ఆ మాయ చిన్నవారికి ఏమి చెప్పాలన్నదే రచయిత తేల్చవలసిన విషయం. మేటర్లింక్ నాటకంలో లోకాలన్నీ తిరిగివచ్చిన పిల్లలకు తమ ఇంటి గువ్వయే నీలిపిట్టగా కనబడుతుంది. దానిని పొరుగింటి రోగిపిల్లకు ఇస్తారు. ఆ బాలిక లేచి నడుస్తుంది. పిట్ట మాత్రం చేజారి ఎగిరిపోతుంది. దొరికితే తెచ్చి ఇమ్మని తిల్‌తిల్ ప్రేక్షకులనే అడుగుతాడు. అన్నీ చక్కబడినవని చెప్పి పిల్లలను ఇంటికి పంపకుండా, వెదకవలసిన భారాన్ని వారికే అప్పగించడం ఆ కవి వారియందుంచిన గౌరవం. ముఖమల్ తెర సమకూర్చలేని గౌరవమది.