మలుపు తిరుగు విద్య



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పందెములను చూడనివారు మనలో నుండరు. ఎద్దుల బలము అందఱకును కనబడును. నిర్ణీత కాలములో ఎక్కువ దూరము లాగవలసిన ఆ పందెమున, బయలు చివర జతను మరలించునప్పుడు తోలువాని నేర్పు బయటపడును. ఈ మలుపు తిరుగు విద్యకు రెండువేల ఐదువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. దాని క్రొత్త కొమ్మయే నేడు మన మనుమలు ఫోనులలో ఆడుచున్న కారుల ఆట. ఆ చరిత్రను, దానినుండి మనకు తేలు కర్తవ్యమును మనవి చేసెదను.

యవనుల ఇలియడు కావ్యమున, ఇరువదిమూడవ భాగమున, ఒక రథపందెము కలదు. వృద్ధుడగు నెస్టరు తన కుమారునకు మలుపుగుంజ దగ్గఱ రథమును త్రిప్పు తీరు బోధించెను. కుమారుని గుఱ్ఱములు మందగతివి. అందువలన నేర్పునే నమ్ముకొనుమనెను. కుడి గుఱ్ఱమునకు పగ్గము వదలి, ఎడమ గుఱ్ఱమును గుంజకు మిక్కిలి చేరువగా నడుపవలయుననియు, రాతిని మాత్రము తాకనీయరాదనియు హెచ్చరించెను.

మన భారతమున అరణ్యపర్వమందు నలోపాఖ్యానము కలదు. బాహుకుడను మాఱుపేరుతోనున్న నలుడు ఋతుపర్ణ మహారాజును విదర్భకు రథముపై గొనిపోవుచు, దారిలో తాండ్రచెట్టు కడ నిలిచెను. అచ్చట రాజు అతనికి అక్షహృదయమను పాచికల విద్యనిచ్చి, ప్రతిగా అశ్వహృదయమను సారథ్యవిద్యను పొందుట కొప్పుకొనెను. ఆటనేర్పును, తోలునేర్పును సరితూగు విద్యలని పూర్వులు తలంచిరనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక మోటారు కాలమునకు వత్తము. కారు వేగముగా మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములు నేలపట్టు విడిచి ప్రక్కకు జాఱవచ్చును. సామాన్యునకది ఆపద. నేర్పరి ఆ జాఱుడును తానే తెచ్చుకొని, ముందు చక్రములను వెనుకభాగము జాఱు వైపునకే త్రిప్పి, ఆక్సిలరేటరును తూచినట్లు త్రొక్కుచు, కారును అడ్డముగా నడుపుచు మలుపు దాటించును. ఎడమ మలుపున అతని ముందు చక్రములు కుడికి చూచుచుండును. దీనినే డ్రిఫ్టింగు అందురు. 1970 తరువాతి దశాబ్దమున జపాను పందెగాడు కునిమిత్సు తకహాషి దీనికి ప్రసిద్ధి తెచ్చెను. కేయిచి సుచియా అతని బాటలో నడచి పేరుపొందెను. కుఱ్ఱవారు రాత్రులందు కొండదారులలో దీనిని సాధనచేసి ప్రాణములకు తెగించిరి. పిదప ప్రత్యేక మైదానములలో పోటీలు వెలసి, 2001 నాటికి డీ1 గ్రాండ్ ప్రీ అను పోటీల వరుస నడువసాగెను. అందు ముందుగా చేరుట ముఖ్యము కాదు. కారు జాఱిన కోణమును, పట్టిన దారిని, వేగమును చూచి న్యాయనిర్ణేతలు మార్కులు వేయుదురు.

తెరమీది ఆటయు కొంత పాతదే. 1974లో అమెరికాలోని అటారీ సంస్థ గ్రాన్ ట్రాక్ 10 అను, నాణెము వేసి ఆడు యంత్రమును వెలువరించెను. చుక్కలతో గుర్తించిన దారియు, పైనుండి కనబడు చిన్నకారును, చేత స్టీరింగును అందుండెను. తరువాతి ఆటలకు అలంకారములు పెరిగినవి. 2015లో డూన్ కాసు రూపొందించిన అబ్సల్యూట్ డ్రిఫ్ట్ మరల ఆ పొదుపునకే వచ్చెను. తెల్లని నేల, కొలది రంగులు, పైనుండి కనబడు కారు, అంతియే. వ్యాకరణసూత్రమున ఒక్క అక్షరమైనను వ్యర్థముగా నుండరాదు గదా, ఈ ఆటయు అట్టిదే. మా మనుమడు ఇటువంటి ఆట ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. ఒక్క మలుపు కొఱకు ఇరువది పర్యాయములకు తక్కువ కాకుండ యత్నించెను. విసుగుకొనలేదు. ముప్పదియేండ్లు బడిలో పలకలు దిద్దించిన నాకు ఆ పట్టుదల విలువ తెలియును.

కాని ఒక భేదము మఱవరాదు. తెరపై కారు బోల్తాపడిన మరల మొదలిడవచ్చును. గండికోట దారిలోనో, గువ్వలచెరువు ఘాటులోనో అట్టి రెండవ యత్నము లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర తీరమున విద్యుత్కారుల ప్రపంచపోటీ జరిగినప్పుడు, పౌరుల రాకపోకలను ఆపి, దారికిరువైపుల అడ్డుగోడలు నిలిపిరి. యవనుల పందెమునకు బయలు, జపాను వారికి మైదానము, హైదరాబాదులో గోడలు. నేర్పునకు వేఱు నేల కావలయుననుటయే ఈ చరిత్ర సారము.

చట్టమును అదియే చెప్పుచున్నది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో, అతని సంరక్షకునకుగాని బండి యజమానికిగాని మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు కలవు. ఆ బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు.

కావున మనుమడు తెరమీద మలుపు తిరుగుచున్నచో, చదువునకు వేళ మిగిల్చి, ఆడనిండు. కనీస ప్రాయము నిండి లైసెన్సు చేతికి వచ్చువఱకు బండి తాళపుచెవి మాత్రము మీ మొలనే ఉంచుకొనుడని మనవి చేసి విరమించుచున్నాను.