శిల యొకచోట, సమాధి యొకచోట

వంశవృక్షము వ్రాయబూనినవారు సమాధిశిల కనబడగానే పూర్వుడు దాని క్రిందనే యున్నాడని తలంతురు. చెన్నపట్టణము సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిని చూచినచో ఈ నమ్మకము సడలును. ఆ చర్చికి ప్రతిష్ఠ జరిగినది 1680లో. ఆవరణములోని యెలిజబెత్ బేకరు శిలపై నున్న సంవత్సరమో, 1652! గుడి పుట్టకమునుపే గోరీ యెట్లు వచ్చెను? పూర్వపు శ్మశానము కోట వెలుపల, నేటి హైకోర్టు ప్రాంతమున నుండెడిది. 1758-59లో కోటను ముట్టడించిన ఫ్రెంచివారు ఆ గోరీల చాటున పొంచి పోరాడిరి. అందుచే పిమ్మట ఇంగ్లీషువారు వానిని పడగొట్టించి, పలకలను మాత్రము తెచ్చి చర్చి చుట్టును పరచిరి.

మన సీమ యెరిగిన మన్రోదొర కథ వేరు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించెను. గుత్తిలో ఖననము చేసిరి. 1831లో దేహమును ఈ చర్చికి తెచ్చిరి. ఇచ్చట శిలయు మనిషియు ఒక్కచోటనే యున్నను, పోయిన ఊరు వేరు, మొదట పూడ్చిన ఊరు వేరు.

దస్త్రముల నడుమ బ్రతుకు గడపిన మాకు రాతికంటె రిజిష్టరుపైననే గురి. అది వృత్తిదోషమనుకొన్నను సరియే. మనలోని క్రైస్తవ కుటుంబములవారు పెద్దల జాడ వెదకునపుడు ఇంటిపేరొక్కటియే పట్టుకొని పోక, తండ్రిపేరును, తేదియు, గ్రామమును వ్రాసికొనిపోయి, తమ తమ చర్చీలలోని ఖనన రిజిష్టరును ముందుగా చూపుమని యడుగవలెను.