ట్రిపనోసోమాలు, వాటిని మోసే పురుగులు: తెలుగు నేల చరిత్ర

ట్రిపనోసోమాలు రక్తంలో ఈదే ఏకకణ పరాన్నజీవులు. దక్షిణ అమెరికాలో చాగస్ వ్యాధి తెచ్చే ట్రిపనోసోమా క్రూజీ మన నేలలో వేరూనలేదు. కానీ దాన్ని మోసే పురుగుల వంశం మన దగ్గర ఉంది, దాని జ్ఞాతులైన పరాన్నజీవులూ ఉన్నాయి. అందుకే అనకాపల్లి జిల్లా కోటవురట్ల వంటి పాడి పల్లెలకు కూడా ఈ చరిత్రలో చోటుంది.

కథ ఆ వ్యాధి బయటపడడానికి ఎంతో ముందే మొదలైంది. 1773లో స్వీడన్ శాస్త్రవేత్త షార్ల్ దె గేర్ తూర్పు దేశాల నుంచి వచ్చిన ఒక నల్లిని వర్ణించాడు. ఇప్పుడు దాని పేరు ట్రయాటోమా రుబ్రోఫాసియాటా. మంచం నల్లికి ఇది దూరపు చుట్టమే గాని, చూడడానికి బొద్దింకంత ఉంటుంది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, పొట్ట అంచు చుట్టూ నారింజ ఎరుపు గీత, సన్నగా సాగిన తల, దాని కింద మడిచి పెట్టుకున్న ముక్కు. పగలు గోడ పగుళ్ళలో నక్కి, రాత్రి ఎలుకనో పడుకున్న మనిషినో కుడుతుంది. కుట్టినప్పుడు తెలియదు, తర్వాత కొందరికి దద్దుర్లు, వాపు వస్తాయి. ఎలుకలతో పాటు ఓడలెక్కి ప్రపంచమంతటా రేవు పట్టణాలకు చేరింది. ఈ వంశపు పురుగుల్లో పాత ప్రపంచంలోనూ కొత్త ప్రపంచంలోనూ కనిపించేది ఇదొక్కటే.

1909లో రెండు చోట్ల ఇంచుమించు ఒకే పని జరిగింది. బ్రెజిల్‌లోని లాసాన్స్‌లో, రైలు మార్గం కూలీలకు మలేరియా తగ్గించడానికి వెళ్ళిన కార్లోస్ చాగస్, మట్టి ఇళ్ళ నల్లుల కడుపులో పరాన్నజీవిని చూసి, ఏప్రిల్‌లో రెండేళ్ళ పాప రక్తంలో అదే జీవిని పట్టుకున్నాడు. తన గురువు ఓస్వాల్డో క్రూజ్ పేరు దానికి పెట్టాడు. వ్యాధిని, దాన్ని మోసే పురుగును, కారణమైన జీవిని ఒక్క మనిషే కనిపెట్టడం వైద్య చరిత్రలో అరుదు. మద్రాసులో చార్లెస్ డోనోవన్ మన ఎర్రంచు నల్లిలోనే మరో ట్రిపనోసోమాను చూశాడు. అదే ట్రిపనోసోమా కోనోరైనీ. అప్పటికి కోటవురట్ల కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాదే. కాలా అజార్ అనే జ్వరాన్ని ఈ నల్లే మోస్తుందేమోనని డోనోవన్ అనుమానించాడు. అనుమానం తప్పయింది. అసలు దోషి ఇసుక దోమ అని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ తేల్చారు.

కోనోరైనీ ముఖ్యంగా ఎలుకల్లో ఉంటుంది, మనిషికి అంటినట్టు దాఖలా లేదు. క్రూజీ అలా కాదు. ఒపోసమ్, ఆర్మడిల్లో, కుక్క, పిల్లి, ఇలా నూటయాభైకి పైగా క్షీరదాల్లో బతుకుతుంది. కోళ్ళకు సోకదు, కానీ వాటి రక్తం తాగి పురుగులు పెరుగుతాయి. నల్లి కుడుతూనే రెట్ట వేస్తుంది, గోకినప్పుడు అందులోని పరాన్నజీవి గాయంలోకి పోతుంది. పురుగులు నలిగి కలిసిన చెరకు రసం తాగి 2005లో బ్రెజిల్‌లోని శాంటా కాటరీనాలో మనుషులు చనిపోయారు. అనకాపల్లి బెల్లం నాట పుట్టినవాడికి ఆ మాట ఒళ్ళు జలదరించేలా వినబడుతుంది. మన చెరకు తోటల్లో క్రూజీ లేకపోవడం ఎంత అదృష్టమో అప్పుడు తెలుస్తుంది. ఎర్రంచు నల్లి కాక, భారతదేశానికే సొంతమైన అడవి నల్లులు మరికొన్ని ఉన్నాయి. వీటికి లిన్ష్‌కోస్టియస్ ప్రజాతి అని పేరు, మొదటిదాన్ని 1904లో డిస్టెంట్ వర్ణించాడు.

మన పల్లెకు దగ్గరి ముప్పు వేరే దారిలో వస్తుంది. అది జోరీగ. వానాకాలం మధ్యాహ్నం గేదె తొడ మీద వాలి, చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. గేదె తోక విసరగానే లేచి పక్క గేదె మీద వాలుతుంది. అలా సగంలో లేచిన జోరీగ నోటి తడిలోనే సర్రా జబ్బు ఒక గొడ్డు నుంచి మరో గొడ్డుకు పాకుతుంది. నల్లిలో క్రూజీ పెరిగినట్టు జోరీగలో ఈ సర్రా తెచ్చే ట్రిపనోసోమా పెరగదు. పాత్ర మీది మరకలా అంటుకుని వెళుతుంది, అంతే. సర్రా జీవిని 1880లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గుర్రాల, ఒంటెల రక్తంలో పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ చూశాడు. జబ్బు తెచ్చే ట్రిపనోసోమాలలో లోకానికి మొదట తెలిసింది అదే. కుట్టే ఈగలు దాన్ని మోస్తాయని 1901లో లియొనార్డ్ రోజర్స్ నిరూపించాడు. గేదెల్లో జ్వరం, నీరసం, పాలు తగ్గడం, ఈచుకుపోవడం దీని గుర్తులు. చాలా గేదెలు గుర్తులేవీ లేకుండానే జబ్బును దాచుకుంటాయి. పాకలో వేపాకు పొగ వేయడం వట్టి ఆనవాయితీ కాదు. ఆ జోరీగల మీద మనవాళ్ళు చేసే యుద్ధం అది.

2000లో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్‌లో పులులు వరసగా చనిపోయింది కూడా ఈ సర్రా జీవి వల్లే. మనిషికి మాత్రం ఇది అంటదనుకునేవారు. 2004లో తెలంగాణ సరిహద్దును ఆనుకున్న చంద్రపూర్ జిల్లాలో ఒక పశువుల రైతు రక్తంలో అది కనబడింది. మన రక్తంలో ఈ జీవులను చంపే ఎపిఓఎల్1 అనే ప్రోటీన్ ఆయనలో లేదని తర్వాత తేలింది. సురామిన్ మందుతో ఆయన కోలుకున్నాడు. చుట్టుపక్కల 1,806 మందిని పరీక్షిస్తే, ప్రతిదేహాలు కొందరిలో కనిపించాయి గాని, పరాన్నజీవి ఎవరి రక్తంలోనూ దొరకలేదు.