కోలారు పసిడిలో మైసూరు వాటా

1905లో కోలారు గనుల నుంచి బయటికొచ్చిన బంగారం ఆరు లక్షల ఔన్సులకు పైమాటే. ఇప్పటి లెక్కలో దాదాపు 19 టన్నులు. కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) నూట ఇరవై ఏళ్ల చరిత్రలో అంత పసిడి పండిన ఏడాది మరొకటి లేదు. దాని విలువ అప్పటి ధరల్లో 23 లక్షల పౌండ్లకు పైనే. పౌనుకు 15 రూపాయల చొప్పున చూస్తే మూడున్నర కోట్ల రూపాయలు. అందులో మైసూరు సంస్థానానికి రాయల్టీ కింద ముట్టింది నూటికి ఐదు. కూలీల జీతాలు, యంత్రాలు, మందుగుండు, బొగ్గు ఖర్చులు పోగా మిగిలిన లాభం లండన్‌లో ఉన్న వాటాదారులకు చేరింది.

నూటికి ఐదంటే సుమారు 17, 18 లక్షల రూపాయలు. ఇది ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే అప్పటి మైసూరు ఖజానా పరిస్థితి చూడాలి. టిప్పు సుల్తాన్ పడిపోయిన 1799లో కుదిరిన ఒడంబడిక ప్రకారం మైసూరు ఇంగ్లీషు వాళ్లకు ఏటా ఏడు లక్షల స్టార్ పగోడాలు చెల్లించాలి. అంటే 24.5 లక్షల రూపాయలు. మైసూరు రాజవంశమైన ఒడయార్లకు ఇంగ్లీషు వాళ్లు రాజ్యం తిరిగి అప్పగించిన 1881లో ఆ కప్పాన్ని 35 లక్షలకు పెంచారు. పెంచిన మొత్తాన్ని 1896 నుంచి వసూలు చేశారు. రాజ్యం తిరిగి చేతికి రావడానికి కొద్ది ఏళ్ల ముందే 1876-78 కరువు రాజ్యాన్ని పీల్చి పిప్పి చేసింది. సంస్థాన జనాభాలో దాదాపు ఐదో వంతు తుడిచిపెట్టుకుపోయింది. పైగా 80 లక్షల రూపాయల అప్పు మెడకు చుట్టుకుంది. వాన పడితే శిస్తు, పడకపోతే అప్పు. అలాంటి ఖజానాకు వానతో పనిలేని రాబడి దొరకడం చిన్న విషయం కాదు. 1905లో కోలారు రాయల్టీ ఒక్కటే కప్పంలో సగానికి సరిపోయేది.

ఇక్కడ బంగారం ఉందని ఊళ్లవాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. మారికుప్పం, ఉరిగాం పరిసరాల్లో పాత గుంతలు ఉండేవి. మట్టి కడిగి రవ్వలు ఏరుకునే కుటుంబాలూ ఉండేవి. మైసూరు తూర్పు సరిహద్దు కొలవడానికి 1802లో వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఈ మాట విని, బంగారం చూపినవాళ్లకు బహుమానమిస్తానని ప్రకటించాడు. గ్రామస్థులు మట్టి తెచ్చి అతని కళ్లెదుటే కడిగి చూపించారు. ఆయన రాసిన నివేదిక దశాబ్దాల పాటు పడి ఉంది. న్యూజిలాండ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి బెంగళూరులో స్థిరపడ్డ ఐరిష్ సైనికుడు మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ దాన్ని చదివి, 1871లో ఎద్దుబండి కట్టించుకుని కోలారు దారి పట్టాడు. 1875లో తవ్వకానికి అనుమతి సంపాదించాడు కానీ పెట్టుబడి నిలవక హక్కులు చేతులు మారాయి. 1880లో లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. మొదట్లో డబ్బు ఖర్చయిందే తప్ప బంగారం కనిపించలేదు. ఆపైన చాంపియన్ లోడ్ అనే అసలు పొర చిక్కాక వెనుదిరిగి చూడలేదు. మైసూరు, చాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గ గనులు ఒకదాని పక్కన ఒకటి లేచాయి.

ఐదు శాతం తక్కువా ఎక్కువా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తుంటుంది. ఆ ఐదు దేని మీద ఐదు అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. మైసూరు రాయల్టీ బంగారం విలువ మీద, కంపెనీ లాభం మీద కాదు. కంపెనీ ఖర్చు ఎంత రాసుకున్నా, ఇంజినీర్లకు ఎంత జీతమిచ్చినా, లండన్ ఆఫీసుకు ఎంత ఫీజు కట్టినా సంస్థానం వాటా తగ్గదు. కడ్డీ తూకం, దాని మేలిమి, ఆనాటి ధర తెలిస్తే లెక్క తేలిపోతుంది. దొంగలెక్కలు రాయడానికి పెద్దగా చోటు లేదు. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేశాక పసిడి ధర ఎగబాకింది. అప్పుడు మైసూరు కొత్త చట్టమేదీ చేయకుండానే, ఔన్సుకు వచ్చే రాయల్టీ ధరతో పాటే పెరిగింది. లాభంలో వాటా అడిగి, కాగితాల మీద ఏళ్ల తరబడి నష్టమే చూస్తూ కూర్చున్న దేశాలు ఆఫ్రికాలో చాలా ఉన్నాయి. టాంజానియా 2017లో చట్టం మార్చి రాయల్టీని 6 శాతానికి పెంచింది. గనుల్లో కనీసం 16 శాతం ఉచిత వాటా కూడా ప్రభుత్వానికే ఉండాలని రాసుకుంది. ఆ అనుభవం తర్వాతే.

అయినా రాయల్టీ ఒక్కటే అయితే కోలారును ఇంతగా తలచుకోనక్కర్లేదు. 1883లో దివాన్ పదవి చేపట్టిన కె. శేషాద్రి అయ్యర్ ఈ గనిలో ఇంకో సంగతి గమనించాడు. బంగారం తీసేవాళ్లకు శక్తి కావాలి. ఖనిజాన్ని పైకి లాగే వించీలకు, రాయి పొడి చేసే స్టాంపు మిల్లులకు, నీళ్లు తోడే పంపులకు రాత్రింబవళ్లు ఆవిరి యంత్రాలు తిరగాలి. వాటికి బొగ్గు దూరం నుంచి రావాలి, కట్టెల కోసం చుట్టుపక్కల అడవి తరిగిపోతోంది. కావేరి నీళ్లేమో శివసముద్రం దగ్గర కొండ మీంచి ఊరికే దూకుతున్నాయి. రెండింటినీ కలిపితే?

సైన్యం నుంచి వచ్చిన ఇంజినీరు ఎ.సి. డి లాట్బినియేర్‌ను పని నేర్చుకురమ్మని అమెరికా, యూరప్ దేశాలకు పంపారు. విద్యుత్ యంత్రాలు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ నుంచి, టర్బైన్లు స్విట్జర్లాండ్‌లోని ఎషర్ వీస్ నుంచి తెప్పించారు. శివసముద్రం నుంచి కోలారుకు 92 మైళ్ల తీగ లాగారు. అప్పటికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. 1902 జూన్ 30న కేజీఎఫ్‌కు కరెంటు అందింది. దీని వెనకున్న దివాన్ ఆ రోజు చూడలేకపోయాడు. అంతకు ముందటేడు కన్నుమూశాడు.

ఇందులో అసలు తెలివంతా ఒప్పందంలో ఉంది. కరెంటు కొంటామని గని కంపెనీలతో ముందే రాయించుకుని, ఆ భరోసా మీద సంస్థానం విద్యుత్ కేంద్రం కట్టింది. కట్టింది కంపెనీ కాదు, సంస్థానం. ఆస్తి సంస్థానానిది, బిల్లు కట్టేది కంపెనీ. నేలలోని బంగారం మీద రాయల్టీ ఒకవైపు, ఆ బంగారం తీయడానికి వాడే కరెంటు మీద రాబడి మరోవైపు. బంగారం ఏదో ఒకనాటికి అయిపోతుంది, కావేరి అయిపోదు. 1905 ఆగస్టులో బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఈ శివసముద్రం కరెంటుతోనే.

కథ అక్కడితో ఆగలేదు. ఎండాకాలం కావేరి పలచబడితే గనులకు కరెంటు తగ్గేది. ఏడాది పొడుగునా నీళ్లు నిలపాలంటే ఆనకట్ట కావాలి. 1909లో చీఫ్ ఇంజినీరుగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య (ఆయన పూర్వీకుల ఊరు మన ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండమే) కృష్ణరాజసాగర్ కట్టాలన్నప్పుడు ఖర్చు చూసి ఆర్థిక శాఖ బెదిరింది. సేద్యపు నీటితో పాటు కోలారు గనులకు అమ్మే కరెంటు నుంచి వచ్చే రాబడి కూడా చూపించి ఆయన ఒప్పించాడు. 1911లో పని మొదలైంది. మండ్య చెరకు పొలాలకు పారే నీళ్ల వెనక కోలారు గని కరెంటు బిల్లు కూడా ఉందని చాలామందికి తెలియదు. వెలికితీత పరిశ్రమ ఒక వెనకబడిన రాజ్యానికి చేయగలిగిన మేలు ఇదేనని నా నమ్మకం. రాయల్టీ డబ్బు బడ్జెట్‌లో పడి ఖర్చయిపోతుంది. గని అవసరాన్ని పట్టుకుని కట్టిన విద్యుత్ కేంద్రం, ఆనకట్ట మాత్రం గని మూతబడ్డాక కూడా పనిచేస్తాయి. శివసముద్రంలో ఇప్పటికీ కరెంటు పుడుతోంది.

అయితే ఈ లెక్కలో ఒక పద్దు ఎక్కలేదు. అది కార్మికుల పద్దు.

గనుల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం, కోలారు ప్రాంతాల దళితులు. 1911 దాకా మన చిత్తూరు ఉత్తర ఆర్కాటులో భాగం కాబట్టి, తెలుగు ఊళ్ల నుంచి వెళ్లిన కుటుంబాలూ తక్కువేమీ కాదు. వాళ్లకిచ్చిన ఇళ్లు కూలీ లైన్లు. వెదురు తడికల గోడలతో ఒక్కొక్కటీ ఒంటి గది, అందులోనే పొయ్యి, పడక, పిల్లలు. కేజ్‌లో నిలబడి నేల అడుగుకు దిగేవాళ్లు. చాంపియన్ రీఫ్ గని చివరికి 3.2 కిలోమీటర్ల లోతుకు పోయింది. అంత లోతున రాయి చేత్తో ముట్టుకుంటే కాలుతుంది. పై నుంచి చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలవలేడు. తవ్విన చోట చుట్టూ ఉన్న రాయి ఒత్తిడి తట్టుకోలేక ఒక్కసారిగా బద్దలయ్యేది. గనివాళ్లు దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. ఆ అదురు పైన ఊళ్లో ఇళ్లకు కూడా తెలిసేది. ఇంట్లో ఆడవాళ్లు పని వదిలేసి షాఫ్ట్ దగ్గరకు పరుగెత్తేవాళ్లు. బతికి బయటపడ్డవాళ్లను రాతి ధూళి వదిలేది కాదు. ఊపిరితిత్తుల్లో పేరుకుని, పని మానేసిన ఏళ్లకు సిలికోసిస్‌గా బయటపడేది. దశాబ్దాల పాటు ఆ జబ్బుకు నష్టపరిహారమే లేదు. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్ చేయాలని కంపెనీలు పట్టుబడితే వేలాదిమంది పని ఆపేశారు. దొంగల్లా వేలిముద్రలు వేయించుకోబోమన్నది వాళ్ల పట్టుదల.

1956 నవంబరులో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి, అదీ ఆర్థిక శాఖ కిందికి వెళ్లాయి. గనుల శాఖకు కాకుండా ఆర్థిక శాఖకు ఎందుకు? దేశానికి అప్పుడు విదేశీ మారకం కరువు. కోలారు కడ్డీ అంటే డాలరుతో సమానం. ఆ బంగారానికి గనికి కట్టిచ్చింది మాత్రం బజారు ధర కాదు, ఔన్సు 35 డాలర్ల అంతర్జాతీయ అధికారిక ధర. 1962లో ఆ లెక్కన 10 గ్రాములకు 53 రూపాయల 58 పైసలు. అప్పుడు బొంబాయి బజారులో 10 గ్రాములు 110 రూపాయలు దాటింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక అధికారిక ధర 84 రూపాయలైంది. 1970 వచ్చేసరికి బజారు ధర 180 దాటింది. తేడా 10 గ్రాములకు వంద రూపాయల చొప్పున వేసుకుంటే టన్నుకు కోటి రూపాయలు. ఇది ఏ బడ్జెట్ కాగితంలోనూ పన్నుగా కనిపించదు. కానీ కోలారు గని దేశానికి కట్టిన పన్నుల్లో ఇంత భారీది ఇంకొకటి లేదంటాను.

దాని ఫలితం గని పుస్తకాల్లో నష్టంగా తేలింది. తొలినాళ్లలో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేది. చివరికి 3 గ్రాములకు పడిపోయింది. లోతు పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగింది. చేతిలో డబ్బున్నప్పుడు కొత్త పొరల అన్వేషణకు పెట్టవలసిన సొమ్ము ఢిల్లీ ఖాతాలో చేరిపోయింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడేనాటికి కోలారును నష్టాల గనిగా చూడటం అలవాటైపోయింది. ఒకప్పుడు 30 వేలకు పైగా కార్మికులున్న చోట చివరికి మూడు వేల పైచిలుకు మిగిలారు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. మన కుప్పం పక్కన బిసానత్తం, చిగురుగుంటలో అదే సంస్థ నడిపిన గనులు కూడా ఆ వేటులోనే పోయాయి. నూట ఇరవై ఏళ్లలో కోలారు ఇచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు. ఊరికి మిగిలినవి సైనైడ్ దిబ్బలు. మూడు కోట్ల టన్నులకు పైబడిన మెత్తటి బూడిదరంగు పిండి గుట్టలుగా పడి ఉంది. ఎండాకాలం గాలి లేస్తే అది కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట ఇళ్ల మీద వాలుతుంది. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోయేది ఆ గని కార్మికుల పిల్లలు, మనవలే. గని కరెంటుతో వెలుగు చూసిన నగరానికి ఇప్పుడు వాళ్లు దినకూలీకి వెళ్తున్నారు. ఆ దిబ్బల్లో టన్నుకు గ్రాము లోపే మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయడానికి కర్ణాటక మంత్రివర్గం 2024లో సమ్మతించింది. అందులో ఊరి వాటా ఎంతో అడిగే హక్కు ముందు వాళ్లది.

ఈ ప్రశ్న మనకూ వచ్చింది. తొలకరికి జనం వజ్రాల కోసం చేలు వెతికే కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఇప్పుడు బంగారు గని ఉంది. చిగురుగుంట-బిసానత్తం గనుల్ని తిరిగి తెరిపించే ప్రయత్నమూ సాగుతోంది. నేటి చట్టం ప్రకారం బంగారం మీద రాయల్టీ నూటికి నాలుగు, మైసూరు తీసుకున్నదానికంటే ఒకటి తక్కువ. వేలంలో ఇచ్చిన గనులైతే దాని పైన ప్రీమియం కూడా రాష్ట్రానికి వస్తుంది. 2015లో వచ్చిన సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. వేలం గనులైతే రాయల్టీలో 10 శాతం, పాత లీజులైతే 30 శాతం అదనంగా కంపెనీ ఈ నిధికి కట్టాలి. వంద రూపాయల బంగారం తీస్తే గని ఉన్న జిల్లాకు 40 పైసలు, లేదంటే రూపాయి ఇరవై పైసలు. మొత్తం చిన్నదే. అందుకే అది ఎటు పోతుందో చూడటం మరింత అవసరం. ఆ నిధి గని ప్రభావం పడ్డ ఊళ్ల తాగునీటికి, వైద్యానికి, చదువుకు ముందుగా ఖర్చు కావాలని నిబంధనలే చెబుతున్నాయి. ఈ గనులున్న తుగ్గలి, గుడుపల్లె మండలాల్లో ఉంటున్నవాళ్లకు నా విన్నపం: ఆ నిధి లెక్కల్ని వచ్చే గ్రామసభలో పేరుపేరునా చదివించండి. గనిలో దిగినవాళ్ల ఊపిరితిత్తుల పరీక్షకు అందులోంచి ఎంత కేటాయించారో మొదట అడగండి.