ప్రాస్పెక్టస్ చెప్పని లెక్కలు: కాలేజీ ప్రకటనలను ఎలా చదవాలి?

ఇంటర్ ఫలితాలు రాకముందే ప్రైవేటు యూనివర్సిటీల హోర్డింగులు లేస్తాయి. పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు, ఇంటికి వరుస ఫోన్లు, ‘సీట్లు అయిపోతున్నాయి, ఈ వారమే అడ్వాన్స్ కట్టండి’ అనే తొందర. అందరినీ రమ్మంటూనే కొందరికే దక్కుతుందని ఊరించడమే వీటి పద్ధతి. ఇందులో మూడు మాటలను దళిత విద్యార్థులు, వారి తల్లిదండ్రులు విప్పి చూడాలని మేము కోరుతున్నాం.

‘అత్యధిక ప్యాకేజీ’

హోర్డింగు మీద కనిపించేది ఒక్క విద్యార్థికి వచ్చిన జీతం. మిగతావారి సంగతి తెలియాలంటే అదే కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ కోసం ప్రభుత్వానికి ఇచ్చిన పత్రం చూడాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులోగా కోర్సు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వారి మీడియన్ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మీడియన్ అంటే జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచేది. ఈ పత్రం సాధారణంగా కాలేజీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

‘మెరిట్ స్కాలర్‌షిప్’

చాలాచోట్ల ఇది సొంత ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి ఇచ్చే ఫీజు తగ్గింపు. ఖరీదైన కోచింగ్ తీసుకున్నవారికే ఎక్కువగా అందుతుంది. మార్కులు తగ్గితే మరుసటి ఏడాది ఆగిపోయే షరతు కూడా ఉండవచ్చు. అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం వేరు. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పోస్ట్‌మెట్రిక్ పథకానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవారికి వర్తించే ‘టాప్ క్లాస్’ పథకానికి 8 లక్షలు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఫోన్ చేసిన ఏజెంటు ఈ ముక్క చెప్పకపోవచ్చు, మనమే అడగాలి.

‘వైవిధ్యం ఉన్న క్యాంపస్’

ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో మొత్తం 100 మార్కుల్లో సామాజిక చేరికకు 10 మాత్రమే. ఆ పదిలోనూ ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, వికలాంగుల సౌకర్యాలు వాటా పంచుకుంటాయి. పైగా పత్రంలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలందరినీ ఒకే గడిలో కలిపేస్తారు. దళితులు ఎందరో ఆ అంకె చెప్పదు. ఆ అంకె వెనకే అసలు ప్రశ్న దాగిపోతోంది.

చట్టం ఎక్కడుంది?

2005లో చేసిన 93వ రాజ్యాంగ సవరణ ద్వారా 15(5) అధికరణం వచ్చింది. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు అది దారి వేసింది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కానీ అధికరణం ఉన్నంత మాత్రాన సీటు రాదు, చట్టం కావాలి. 2006లో పార్లమెంటు చేసిన చట్టం కేంద్ర విద్యాసంస్థలకే పరిమితం. ప్రైవేటు సంస్థలకు దేశమంతటికీ వర్తించే చట్టం చేయాలని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

- సీటు కన్వీనర్ కోటాదా, మేనేజ్‌మెంట్ కోటాదా? రాతపూర్వకంగా ఇస్తారా?
- నాలుగేళ్లకు హాస్టల్, పరీక్ష ఫీజులతో కలిపి మొత్తం ఎంత?
- గత ఏడాది చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు విడివిడిగా ఎందరు? అందులో ఎందరు చివరి ఏడాదికి చేరారు?
- యూజీసీ 2012 నిబంధనలు కోరిన సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉన్నారా?
- ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటారా? అలా చేయకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ప్రభుత్వ సంస్థలైతే ఈ వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. విద్యార్థి సంఘాలు తమ జిల్లాలోని కాలేజీల లెక్కలు సేకరించి అడ్మిషన్ల సమయంలో పంచితే, హోర్డింగుకు దీటైన జవాబు అదే. ఎస్సీ, ఎస్టీ లెక్కలను విడిగా ప్రకటించాలన్నది మన తక్షణ డిమాండ్ కావాలి.